ఒక రైలు పెట్టెకి ఎన్ని పాఠాలు?

1935 సెప్టెంబర్ 29న ఇంగ్లండ్‌లోని డెవన్‌లో లింటన్–బార్న్‌స్టపుల్ రైల్వే ఆఖరి రైలు నడిచింది. రెండడుగులకి అరంగుళం తక్కువ వెడల్పున్న పట్టాలు, కొండల చుట్టూ మెలికలు, మొత్తం 31 కిలోమీటర్ల చిల్లర దారి. 1898లో మొదలైంది, నలభై ఏళ్ళు కూడా నిండలేదు. ఆ నవంబర్‌లో అన్నీ వేలం వేశారు. ఐదు ఇంజన్లలో నాలుగు తుక్కుకి పోయాయి. ‘లూ’ అనే ఐదోది మరుసటేడు ఓడెక్కి బ్రెజిల్ వెళ్ళిపోయింది. పెట్టెల్ని మాత్రం చుట్టుపక్కల జనం కొనుక్కున్నారు. రైలు మీద ప్రేమతో కాదు. గట్టి చెక్కతో, కిటికీలతో, తలుపులతో, పైకప్పుతో సహా ఒక గది తయారుగా దొరుకుతుంటే ఎవరు కాదంటారు? దాదాపు నలభై అడుగుల పొడవున్న పెట్టెల్ని కొన్నిచోట్ల అడ్డంగా కోసి ముక్కలుగా పట్టుకెళ్ళారు. ఒకరికి పనిముట్ల కొట్టం, ఒకరికి తోటలో కూచునే గది, ఇంకొకరికి గడ్డివాము.

అలా అవి బతికిపోయాయి. ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు నాకు తాటాకు పుస్తకాలు గుర్తొచ్చాయి. మన పాత ప్రతుల్లో చాలావాటిని కాపాడింది పండితుల శ్రద్ధ ఒక్కటే కాదు, ఇంట్లోవాళ్ళ అశ్రద్ధ కూడా. అటక మీద పడేసి మర్చిపోయారు కాబట్టి మిగిలాయి. రైలు పెట్టె విషయంలోనూ అంతే. ఎవరో దాన్ని రైలు పెట్టెగా చూడటం మానేసి, వాన పడకుండా పైన ఒక రేకు కప్పారు. ఆ రేకే దాన్ని కాపాడింది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. మాది టెక్కలి దగ్గర. ఆఫీసు పని మీద రెండేళ్ళు లీడ్స్‌లో ఉన్నాను. అక్కణ్ణుంచి యార్క్ రైల్లో అరగంట. అక్కడి నేషనల్ రైల్వే మ్యూజియంకి వెళ్ళినవాళ్ళందరూ ‘మల్లార్డ్’ అనే నీలం రంగు ఆవిరి ఇంజన్ ముందు ఫోటో దిగుతారు. నేనూ దిగాను. కానీ నన్ను నిలబెట్టేసింది అది కాదు. రంగు వెలిసి, చెక్క పగిలి, ‘ఇదేంటి ఇక్కడ’ అనిపించేలా ఉన్న ఒక చిన్న పెట్టె. లింటన్–బార్న్‌స్టపుల్ రైల్వే రెండో నంబర్ పెట్టె. 1897లో బ్రిస్టల్‌లో తయారైంది. దశాబ్దాల పాటు ఒక చర్చి ఫాదర్ గారి ఇంటి తోటలో వేసవి గదిగా ఉంది. 1980లలో మ్యూజియం తెచ్చుకుంది. చాలావరకు దొరికింది దొరికినట్టే ఉంచారు.

ఎందుకు బాగు చెయ్యలేదు? అంత డబ్బున్న మ్యూజియం, అంత మంచి వడ్రంగులున్న దేశం. ఈ ప్రశ్న పట్టుకుని నేను చాలా దూరం వెళ్ళాను.

ఆ పెట్టెకి తోబుట్టువులున్నాయి. పదిహేనో నంబర్ పెట్టె స్నాపర్ అనే చిన్న హాల్ట్ దగ్గర, చుట్టూ పట్టాలు పీకేసినా, నిలుచున్న చోటే ఉండిపోయింది. 1959లో దాన్ని వేల్స్‌లోని ఫెస్టినియాగ్ రైల్వేవాళ్ళు తీసుకెళ్ళారు. అది కూడా న్యారో గేజే, మూతపడ్డాక వాలంటీర్లు మళ్ళీ నడిపిస్తున్న లైను. వాళ్ళకి అప్పుడు కావాల్సింది మ్యూజియం వస్తువు కాదు, ప్రయాణికులు కూచునే పెట్టె. కాబట్టి తమ సొరంగాలకీ వంతెనలకీ సరిపోయేలా మార్చుకున్నారు. బఫే కారుగా చేసి టీ అమ్మారు. అలా అది రెండో జీవితం మొదలుపెట్టి, మొదటి జీవితం కంటే ఎక్కువ కాలం బతికింది.

మూడో దారి కూడా ఉంది. డెవన్‌లో ఆ లైనునే మళ్ళీ వేద్దామనుకున్నవాళ్ళు 2004లో వుడీ బే దగ్గర చిన్న ముక్క తెరిచారు. ఆ తర్వాత తోటల్లో మిగిలిన పెట్టెల అవశేషాల్ని పోగు చేసి, 2010ల్లో ఏడు, పదహారు లాంటి నంబర్లని మళ్ళీ పట్టాలెక్కించారు. వాటిలో పాత చెక్క ఎంత, కొత్త చెక్క ఎంత అని అడిగితే, కొత్తదే ఎక్కువ. కానీ చూడ్డానికి పాత ఫోటోలోంచి దిగి వచ్చినట్టుంటాయి.

ఒకే కంపెనీ, ఒకే లైను, ఒకే కుటుంబం. ఒకటి గాయాలతో సహా నిలబడింది, ఒకటి మారిపోయి బతికింది, ఒకటి కొత్త ఒంటితో పాత ముఖం తెచ్చుకుంది. వీటిలో ఏది అసలైన పెట్టె?

సాహిత్యం చదివేవాళ్ళకి ఈ చిక్కు కొత్త కాదు. మన భాషలో దీనికి చక్కటి మాట ఉంది. పరిష్కరణ. సి.పి. బ్రౌన్ కడపలో ఇల్లు కొనుక్కుని, జీతమిచ్చి పండితుల్ని పెట్టుకుని చేయించిన పని అదే. ఒకే కావ్యానికి నాలుగైదు ప్రతులు తెప్పించడం, పక్కపక్కన పెట్టి చూడటం, ఎక్కడ తేడా ఉందో రాయించడం, చివరికి ఒక శుద్ధప్రతి తయారు చేయించడం. తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటివాళ్ళు ఆ పనిని ఇంకా లోతుకి తీసుకెళ్ళారు. పరిష్కర్త ముందు ఎప్పుడూ ఒకటే ప్రశ్న. కవి రాసినది ఏది? మధ్యలో లేఖకుడు చేర్చినది ఏది? చేర్చినది తప్పే అయినా మూడు వందల ఏళ్ళుగా జనం దాన్నే చదువుకుంటుంటే, తీసేసే హక్కు నీకుందా?

రైలు పెట్టె మీద ఇదే ప్రశ్న రంగు రూపంలో వస్తుంది. లింటన్ లైను సొంతంగా ఉన్న రోజుల్లో పెట్టెలకి ఇటుక ఎరుపు, పైన పాలమీగడ లాంటి తెలుపు. 1923లో ఆ లైను సదరన్ రైల్వేలో కలిసిపోయాక ఆకుపచ్చ. దాని తర్వాత తోట యజమాని పూసిన ఏదో ఒక రంగు. ఇప్పుడు మీరు బాగు చేస్తున్నారు. ఏ ఏటికి తీసుకెళ్తారు? ఎరుపు వేస్తే చివరి పన్నెండేళ్ళు అబద్ధమైపోతాయి. పచ్చ వేస్తే పుట్టుక కనపడదు. ఏమీ వెయ్యకపోతే అది తోటలో గది, రైలు పెట్టె కాదు. అక్కడివాళ్ళు పచ్చని ఎంచుకున్నారు. అది సరైన జవాబు అని కాదు, అది వాళ్ళ పాఠం.

ఈ వాదన ఇంగ్లండ్‌లో పాతదే. 1877లో విలియం మోరిస్, మిత్రులు కలిసి పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టారు. అప్పట్లో చర్చిల్ని ‘అసలు రూపం’లోకి తెస్తామని గోడలు గీకి, మధ్య శతాబ్దాల్లో చేరినవన్నీ పీకేసేవారు. దానికి వ్యతిరేకం కాబట్టి మోరిస్ బృందానికి ‘గీకకండి సంఘం’ అనే అర్థం వచ్చే ముద్దు పేరు పడింది. యార్క్‌లోని రెండో నంబర్ పెట్టె ఆ ఆలోచనకి వారసురాలు.

చదివింది చాలనిపించక, కొన్ని శనివారాలు నేను వేల్స్‌లో ఒక చిన్న రైల్వే షెడ్డుకి వాలంటీరుగా వెళ్ళాను. కీబోర్డు తప్ప ఏదీ పట్టని చేతులకి వాళ్ళు మొదట ఇచ్చింది గరుకు కాగితం. కిటికీ చట్రం మీద అరచేయంత చోట రంగు పొరలు ఒక్కొక్కటీ కనిపించేలా, మెట్లు మెట్లుగా రుద్దాలి. పైన నిగనిగలాడే పచ్చ, కింద గోధుమ రంగు, దాని కింద మరో పచ్చ, అడుగున బూడిద రంగు పూత, ఆ తర్వాత చెక్క. చెట్టు మొదలు కోస్తే వలయాలు కనిపించినట్టు. నాకు పని నేర్పిన పెద్దాయన రిటైరైన లెక్కల మాస్టారు. ప్రతి పొరనీ ఫోటో తీయించి, పక్కన పెన్సిల్‌తో నంబర్ వేయించేవాడు.

అక్కడే తెలిసింది, చెక్క పెట్టె చచ్చిపోయేది పైనుంచి కాదు, కిందనుంచి అని. ఆ కాలపు పైకప్పు అంటే పలకల మీద పరిచిన కాన్వాస్ గుడ్డ, దానిమీద మందంగా రంగు. గుడ్డ ఒకచోట చిరిగితే నీళ్ళు గోడ పలకల వెనక్కి దిగుతాయి. కిందికి జారి అడుగు దుంగ మీద నిలుస్తాయి. పైకి అద్దంలా మెరుస్తున్న పలక వెనక, నిలువు కర్ర కొన ఆ దుంగ బెజ్జంలో కూర్చునే అతుకు ఉంటుంది చూడండి, అది పుట్టగొడుగులా మెత్తబడిపోతుంది. ఓక్ చెక్కలో ఉండే టానిన్‌కీ ఇనుప మేకుకీ పడదు. తడి తగిలితే చెక్క నల్లబడుతుంది, మేకు తినేయబడుతుంది. బయటికేమీ తెలియదు. పెద్దాయన వేలి కణుపుతో తట్టి, శబ్దం విని చెప్పేవాడు. మా అమ్మ కొబ్బరికాయ కొనేటప్పుడు చేసేది సరిగ్గా ఇదే.

పుచ్చిన కర్ర దొరికితే మొత్తం తీసెయ్యరు. పుచ్చినంత మేరకే ఏటవాలుగా కోసి, అదే జాతి కొత్త చెక్కని అతికిస్తారు. అతికిన ముక్క మీద, బయటికి కనపడని వైపు, ఆ ఏడాది అంకె కొడతారు. ఇరవై రెండో శతాబ్దంలో ఎవరో మళ్ళీ ఆ పలక విప్పినప్పుడు ఏది 1890ల చెక్కో, ఏది మనం పెట్టిన చెక్కో తెలియాలి. సాఫ్ట్‌వేర్‌లో మేం కోడ్ మార్చినప్పుడల్లా ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసిపెట్టే పద్ధతి ఉంది. ఇక్కడ అది ఉలితో చేస్తున్నారు. కానీ ఒక తేడా. మేం రాసేది రేపొద్దున ఎవరిమీద తప్పు వెయ్యాలో తెలియడానికి. వాళ్ళు రాసేది తమ పనిని అసలు పనిగా ఎవరూ పొరబడకుండా ఉండటానికి. మంచి పరిష్కర్త కూడా ఇంతే. తను పూరించిన అక్షరాన్ని కుండలీకరణంలో పెడతాడు.

అదే దేశంలో టాలిలిన్ రైల్వే ఉంది. 1951లో వాలంటీర్లు చేతుల్లోకి తీసుకుని నడిపిన మొదటి రైల్వే ప్రపంచంలో ఇదే. 1860లలో దానికోసం చేయించిన నాలుగు ప్రయాణికుల పెట్టెలూ ఇప్పటికీ నడుస్తున్నాయి. వాటికి తలుపులు ఒకవైపే ఉంటాయి. కారణం తెలిస్తే నవ్వొస్తుంది. 1866లో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తే, వంతెనల కింద పెట్టెకీ గోడకీ మధ్య చోటు చాల్లేదు. దార్లో రైలు ఆగిపోతే జనం దిగలేరు. వంతెనలు కూల్చి కట్టడానికి డబ్బుల్లేవు. కాబట్టి ఒకవైపు తలుపులు శాశ్వతంగా మూసేసి, వంతెన కింద పట్టాలు కాస్త పక్కకి జరిపి, రెండోవైపు చోటు తెచ్చారు. నూట యాభై ఏళ్ళు దాటినా స్టేషన్లన్నీ ఒకేవైపు. కట్టినవాడి పొరపాటు ఇప్పుడు ఆ రైల్వే గుర్తింపు. దాన్ని ‘సరిచేస్తే’ ఇంక అది టాలిలిన్ కాదు. పాఠంలో తప్పనుకున్నది కొన్నిసార్లు పాఠమే.

ఇదంతా ఉత్సాహంగా చెప్తుంటే ఫోన్లో మా నాన్న చాలాసేపు ఊ కొట్టి, చివరికి అన్నారు: “బాగుంది గానీ, ఆ డబ్బాల్లో ఆలు ఊరెలతారా, సరదాకెక్కుతారా?”

నా దగ్గర జవాబు లేక కాదు, ఉన్న జవాబు నాకు నచ్చలేదు.

మా ప్రాంతానికి కూడా ఒక న్యారో గేజ్ ఉండేది. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించినది. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా, తర్వాత 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు. రెండున్నర అడుగుల గేజ్, మొత్తం దాదాపు 90 కిలోమీటర్లు. అటు ఒరియా, ఇటు తెలుగు, మధ్యలో కొండ ప్రాంతపు సవరలు, అందరూ ఒకే పెట్టెలో. 2004లో దాన్ని ఆపేసి పట్టాలు మార్చారు. 2011లో పెద్ద లైను మొత్తం తెరుచుకుంది. ఇప్పుడు గుణుపురంలో ఎక్కినవాడు రైలు మారకుండా విశాఖపట్నంలో దిగుతాడు. నాన్నకి ఇందులో బాధపడాల్సిందేమీ కనపడదు. “నౌపడలో దిగి, మూటలు నెత్తినెట్టుకుని ఇంకో బండికి పరిగెట్టక్కర్లేదు కదేట్రా. అదే కదా కావాల్సింది” అంటారు. ఆయన ఆ బండిలో పర్లాకిమిడికి చదువుకోడానికి వెళ్ళారు. నేను దాన్ని చిన్నప్పుడు రెండు మూడుసార్లు ఎక్కాను, అదీ సెలవుల్లో. ఆ బండి మీద బెంగ ఎక్కువున్నది ఎవరికో చూడండి.

డెవన్‌లో ఒక కథ చెప్పుకుంటారు. 1935లో లైను మూసెయ్యొద్దని బార్న్‌స్టపుల్‌లో పెద్ద సభ పెట్టారట. లింటన్ నుంచి పెద్దమనుషులంతా వచ్చి గట్టిగా మాట్లాడారట. వాళ్ళంతా వచ్చింది కార్లలో. చెప్పేవాళ్ళు నవ్వడానికి చెప్తారు గానీ, నాన్న అడిగిన ప్రశ్న ఇదే. ప్రయాణానికి పనికిరాకుండా పోయాకే మనం పెట్టెని ప్రేమించడం మొదలుపెడతామా? అవసరం లేనివాడి ప్రేమకి అవసరం ఉన్నవాడు ఖర్చు భరించాలా?

మన దేశంలో ఏ న్యారో గేజ్ నిలిచిందో చూస్తే ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. డార్జిలింగ్‌కి 1999లో యునెస్కో గుర్తింపు వచ్చింది. నీలగిరికి 2005లో, అది మీటర్ గేజ్. కల్కా–సిమ్లాకి 2008లో. మూడూ కొండలెక్కేవే. మూడూ దొరలు ఎండాకాలం చల్లగా గడపడానికి వెళ్ళిన ఊళ్ళకే. జీడిపప్పు, బియ్యం, వెదురు, సంతకెళ్ళే జనాన్ని మోసిన మైదానపు లైన్లు పెద్ద పట్టాల కిందకి వెళ్ళిపోయాయి. వెళ్ళిపోవడం న్యాయమే. కానీ మిగిలినవాటిని బట్టి రేపు ఎవరైనా చరిత్ర రాస్తే, మన దేశంలో చిన్న రైలంటే విహారయాత్ర అనుకుంటారు. తప్పు పాఠం నిలబడిపోతుంది. నాకు బెంగ పట్టాల గురించి కాదు, దీని గురించి.

అలాగని చెక్క ముక్క మిగలడమే కాపాడటం అని కూడా నేననుకోను. మా వైపు ఊళ్ళకి పూరీ జగన్నాథుడు దూరపువాడు కాదు. ఆయన ఒళ్ళు చెక్కే. కొన్నేళ్ళకొకసారి, అధిక ఆషాఢం వచ్చిన ఏడు, వేపచెట్టు వెతికి కొత్త మూర్తి చేస్తారు. పాతదాన్ని పాతిపెట్టేస్తారు. ఆఖరిసారి 2015లో జరిగింది. రథాలైతే ఏటా కొత్తవే. అక్కడ శతాబ్దాలుగా నిలిచింది కర్ర కాదు, ఏ చెట్టు ఎంచాలో, ఏ కొలత ఎవరు చెక్కాలో తెలిసిన కుటుంబాలు. యార్క్‌లో వస్తువు మిగిలింది. పూరీలో పని మిగిలింది. వేల్స్‌లోని ఆ షెడ్డులో, నా లెక్కన, రెండూ మిగిలాయి. పెట్టె నడవాలంటే వడ్రంగి ఉండాలి. వడ్రంగి ఉండాలంటే పెట్టె పాడవుతూ ఉండాలి.

మనకి నౌపడ లైను పెట్టెల్ని తోటల్లో దాచుకున్న ఫాదర్లు లేరు. ఉన్న పట్టాలమీద సరదా రైలు నడపమని నేను అడగను, నాన్న ముఖం గుర్తొస్తుంది. కానీ వస్తువు లేనిచోట కూడా పరిష్కరణ చెయ్యొచ్చు. పెట్టె కొలతలు, బెంచీలు నిలువుగా ఉండేవా అడ్డంగా ఉండేవా, కిటికీకి చువ్వలుండేవా, సంత రోజున కోళ్ళ గంపలు ఎక్కడ పెట్టేవారు, ఇంజన్ నీళ్ళు పట్టుకునేటప్పుడు జనం దిగి ఏం కొనుక్కునేవారు. ఇవి తెలిసినవాళ్ళకి ఇప్పుడు అరవై దాటుతున్నాయి. ఏ పండితుణ్ణీ జీతానికి పెట్టుకోనక్కర్లేదు. ఫోన్లో రికార్డ్ బటన్ నొక్కితే చాలు.

మొన్న సంక్రాంతికి ఆ పని మొదలుపెట్టాను. నాన్నని స్టేషన్ల పేర్లు వరసగా చెప్పమన్నాను. నౌపడ, టెక్కలి, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి అని ఆయన కళ్ళు మూసుకుని, టికెట్ కలెక్టర్‌లా చెప్పుకుపోయారు. కాశీనగర్ దాకా వచ్చేసరికి వంటింట్లోంచి అమ్మ అందుకుంది. “అక్కడ కాదండీ బండి ఎక్కువసేపు ఆగేది, పాతపట్నంలో. మా పెద్దన్నయ్య అక్కడే దిగి టీ తాగీవోడు.” నాన్న ఒప్పుకోలేదు. “నీకేటి తెల్సు, నేను రోజూ ఎక్కీవోణ్ణి.” అమ్మ తగ్గలేదు. ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు. చిన్న బండి మీద బెంగ లేదన్న మనిషి, అది ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగేదో చెప్పడానికి గొంతు పెంచడం నేనదే మొదటిసారి చూడటం.

ఎవరు చెప్పింది నిజమో పాత టైంటేబుల్ దొరికితే తేలిపోతుంది. దొరికేదాకా ఫైల్లో రెండు పాఠాలూ ఉంచాను. ఏది ఎవరిదో, ఏ తేదీన చెప్పారో పక్కన రాశాను.